కృతిభర్తల మ్యూజియంలో కృతికర్తల కోసం

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయినవాళ్లు పగలు పన్నెండు గంటలప్పుడు ఎక్కడుంటారో ఎవరినీ అడగనక్కరలేదు. నలభైకి దగ్గరగా ఉన్న గ్యాలరీలలో జనం పలచబడతారు. అందరూ గడియారం ముందు చేరతారు. కూర్చున్నవాళ్లు కూర్చోగా తక్కినవాళ్లు మునిగాళ్ల మీద నిలబడతారు. పిల్లలు తండ్రుల భుజాలెక్కుతారు. గంట కావడానికి మూడు నిమిషాల ముందు గడ్డపు మనిషి బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకు పన్నెండు దెబ్బలు కాబట్టి ఆ వేళకే ఎక్కువమంది కాచుకుంటారు. అదే గడియారంలో ఒక పక్క కమ్మరి బొమ్మ ఉంది. అది గంట కోసం కాచుకోదు. సెకనుకొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటుంది.

కొన్నేళ్ల కింద మా బడిపిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయినప్పుడు నేను కూడా ఆ గుంపులో నిలబడ్డాను. కర్నూలు నుంచి తెల్లవారుజామున బయలుదేరిన బస్సు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. సగంమంది పిల్లలకు అదే మొదటిసారి జిల్లా దాటడం. గడియారం పన్నెండు కొట్టింది, జనం చప్పట్లు చరిచి చెదిరిపోయారు. కొలిమి పెట్టుకుని బతికే ఇంటి పిల్లవాడొకడు మాత్రం కదలలేదు. "మా నాయన సమ్మెట ఏస్తాంటే ఎవురూ నిలబడి చూడరు సార్, ఈ బొమ్మను ఇంతమంది చూస్తాండారు" అన్నాడు. ఇంకొంచెంసేపు చూసి, "దీన్ని చేసినోని పేరు యాడుంది సార్?" అని అడిగాడు.

గడియారం కుక్ అండ్ కెల్వీ అనే కంపెనీ పేరుతో ప్రసిద్ధం. అది కంపెనీ పేరు. ఆ కమ్మరి చేతికి కీలు అమర్చినవాని పేరు కాదు. నేను తెలుగు చెప్పే బడిపంతుల్ని, పద్యానికి ప్రతిపదార్థం చెప్పగలను గాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. తరువాత చాలాకాలం ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అది గడియారానికి సంబంధించిన ప్రశ్నే కాదని, మన సాహిత్య విమర్శకు కూడా సంబంధించిన ప్రశ్న అని నాకు తోచింది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఆ మ్యూజియం ఏమిటో తెలుసుకుందాం. నిజాం రాజ్యంలో దివానులుగా పనిచేసిన ఒక కుటుంబం మూడు తరాలుగా కూడబెట్టిన వస్తువులు అక్కడున్నాయి. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో చనిపోయేదాకా దివాను. ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో దివాను అయి, 1914లో ఆ పదవి విడిచి, మిగిలిన జీవితమంతా వస్తు సేకరణలో గడిపాడు. పెళ్లి లేదు, సంతానం లేదు. 1949లో ఆయన చనిపోయినాక 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీ మహల్లోనే మ్యూజియంగా నెహ్రూ ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. నలభై వేలకు పైగా కళావస్తువులు, వేల సంఖ్యలో చేతిరాత ప్రతులు ఉన్నాయి. ఒక్క మనిషి సేకరించిన వస్తువులతో ఇంత పెద్ద మ్యూజియం ప్రపంచంలో అరుదని అందరూ చెప్పుకుంటారు.

'ఒక్క మనిషి సేకరణ' అనే ఈ మాట దగ్గర మనం ఒక్క నిమిషం ఆగాలి. మన కావ్య సంప్రదాయంలో రెండు మాటలున్నాయి: కృతికర్త, కృతిభర్త. రాసినవాడు కర్త. అంకితం పుచ్చుకుని, అందుకు ప్రతిఫలంగా అగ్రహారమో మణులో మాన్యాలో ఇచ్చినవాడు భర్త. కావ్యంలో ఇద్దరి పేర్లూ ఉంటాయి. అవతారికలో కృతిభర్త వంశానికి కొన్ని పద్యాలు, కవి వంశానికి కొన్ని పద్యాలు. పాలు సమానం కాకపోయినా ఇద్దరికీ చోటుంది. మ్యూజియంలో మాత్రం కృతిభర్త పేరు ద్వారం మీదనే ఉంది. కృతికర్త పేరు వెతుక్కోవాలి. చాలా వస్తువుల దగ్గర వెతికినా దొరకదు. దొరికేది దేశం పేరు, శతాబ్దం, లోహం పేరు. ఆ మాటకొస్తే కృతిభర్త వెనుక కూడా పేర్లు లేని మనుషులున్నారు. సాలార్‌జంగుల ఎస్టేటు నిజాం రాజ్యంలోని పెద్ద జాగీర్లలో ఒకటి. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఆ భూముల్లో రైతులు కట్టిన శిస్తే ఆ డబ్బుకు ఆధారం. కాబట్టి ఒక్క మనిషి సేకరణ అనేది ఎంచుకున్న కన్ను మటుకు నిజం. చేసిన చేతులకు, చెల్లించిన చేతులకు అది వర్తించదు.

ఇలా చెప్పగానే మనలో కొందరు తొందరపడే ప్రమాదం ఉంది. అయితే ఇదంతా దోపిడీ సొత్తు, చూడవలసిందేమీ లేదని ఒకరంటారు. కళను కళగా చూడండి, శిస్తులెందుకని మరొకరంటారు. పైకి ఇవి ఎదురెదురు వాదాల్లా కనిపిస్తాయి గాని రెంటిలోనూ వస్తువు ముందు నిలబడి చూసే ఓపిక లేదు. ఒకటి చూడకముందే తీర్పు చెబుతుంది. రెండవది చూసి, అడగకుండానే వెళ్లిపోతుంది.

మూడవ వర్గం ఒకటుంది, చదువుకున్నవాళ్లది. వాళ్లకు మ్యూజియం నచ్చుతుంది, జనమే నచ్చరు. ఈ గుంపులో ఏం చూస్తాం, ఏం అనుభవిస్తాం అని విసుక్కుంటారు. ఈ విసుగుకు చరిత్ర జవాబు చెబుతుంది. పారిస్‌లోని లూవ్ర్ రాజుల కోట. అందులోని చిత్రాలు రాజుగారి అతిథుల కోసం. విప్లవం రాజును దించినాక 1793 ఆగస్టు 10న అది ప్రజల మ్యూజియంగా తెరుచుకుంది. ఈనాడు మోనాలిసా ముందు నిలబడేవాళ్లు బొమ్మ కన్నా ఎదుటివాళ్ల తలలే ఎక్కువ చూస్తారని చెప్పుకుంటారు. 2018లో లూవ్ర్‌కు ఒక కోటి మందికి పైగా వచ్చారు. ఆ రద్దీ కష్టమే. అయితే ఆ గుంపు లేని రోజులంటే ఏమిటి? జనానికి తలుపులు మూసి ఉన్న రోజులే కదా. దివాన్ దేవిడీ మాత్రం? 1951కి ముందు మామూలు జనం ఆ గదుల్లోకి అడుగుపెట్టగలిగేవాళ్లా? కొలిమి ఇంటి పిల్లవాడు గడియారం ముందు నిలబడి ప్రశ్న అడిగాడంటే, ఆ తలుపు తెరుచుకున్నందువల్లనే.

గుంపు ఎప్పుడూ సరిగానే చూస్తుందని నా అభిప్రాయం కాదు. ప్రసిద్ధి కూడా ఒక తయారీ వస్తువే. 1911 ఆగస్టులో మోనాలిసాను దొంగిలించారు. ఎత్తుకుపోయినవాడు విన్చెంజో పెరుజ్జా, అంతకుముందు ఆ మ్యూజియంలోనే చిత్రాలకు అద్దాలు బిగించే పనిలో ఉన్న ఇటలీ కూలీ. 1913లో చిత్రం దొరికింది. అది లేని రోజుల్లో గోడమీద ఖాళీ జాగాను చూడడానికి జనం వరుస కట్టారు. పత్రికలు రాసిన రాతలు ఆ చిత్రం పేరును చిత్రకళ ఎరుగని ఇళ్లకు కూడా చేర్చాయి. ప్రసిద్ధమైన దానిని చూడడం వేరు, ప్రసిద్ధిని చూడడం వేరు. సాహిత్యంలోనూ బహుమతి వచ్చిన పుస్తకాన్ని చదవడం, బహుమతిని చదవడం వేరువేరు పనులని విద్యార్థులకు నేను చెబుతుంటాను.

ఇప్పుడు మళ్లీ సాలార్‌జంగ్‌కు వద్దాం. గడియారం తరువాత ఎక్కువమంది గుమిగూడేది ముసుగు రెబెకా దగ్గర. పాలరాతి స్త్రీ, ముఖం మీద పలుచని మేలిముసుగు. ముసుగూ రాయే, దాని కింద ముఖమూ రాయే, కాని ఒకదానిలోంచి ఇంకొకటి కనిపిస్తుంది. చెక్కినవాడు ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోనీ. ఇక్కడ కర్త పేరు ఉంది. సంతోషమే. అయితే ఇదొక్కటే విగ్రహం కాదు. రెబెకా ప్రతులు అమెరికాలోనూ ఉన్నాయి. రోమ్‌లో బెంజోనీకి పెద్ద శిల్పశాల ఉండేది. గురువు రూపం నిర్ణయిస్తే రాతిమీద పనిలో సహాయకుల చేతులు పడడం ఆనాటి శిల్పశాలల పద్ధతి. కాబట్టి పేరున్న చోట కూడా ఆ పేరు వెనుక మరికొన్ని చేతులున్నాయని గుర్తుంచుకోవాలి.

రెండు ముఖాల కొయ్యబొమ్మ చూడండి. ఒకే దుంగలో ముందువైపు గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనుకవైపు తలవంచిన మార్గరెట్టా. జర్మన్ మహాకవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని పాత్రలు. వెనుకనున్న అద్దంలో రెండవ రూపం కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పని అంటారు, చెక్కినవాని పేరు లేదు. నాటకం రాసిన గోథే పేరు బడిపిల్లలకూ చెబుతున్నాం. ఆ పాత్రలకు కొయ్యలో ప్రాణం పోసినవాడు అనామకుడు. పడమటివాళ్లకు పేర్లున్నాయి, మనవాళ్లకే లేవనే మాట కూడా పూర్తి నిజం కాదని ఈ బొమ్మ చెబుతుంది. పేరు దక్కడం దేశాన్ని బట్టి మాత్రమే కాదు, పనిని బట్టి కూడా ఉంటుంది.

దీనికి ఆ మ్యూజియంలోనే ఇంకొక సాక్ష్యం ఉంది. చేతిరాత ప్రతులలో పదమూడో శతాబ్దపు బాగ్దాదు లేఖకుడు యాఖూత్ అల్ ముస్తసిమీ రాసిన ఖురాను ఒకటి. దాని మీద జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల సంతకాలున్నాయి. అక్షరం రాసినవాడికి పేరు మిగిలింది. ముగ్గురు చక్రవర్తులు కృతిభర్తలుగా చేరినా లేఖకుని పేరు చెరగలేదు. మరి పక్క గదుల్లోని బిద్రీ పాత్రల సంగతి? తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. దానిమీద ఉలితో లతలు, పూలు తొలిచి, ఆ గాడుల్లో వెండి తీగో రేకో కొట్టి కూరుస్తారు. చివరకు బీదరు కోటలోని మట్టిని నవసాగరంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఏ మట్టి పనికొస్తుందో నాలుకతో రుచి చూసి చెప్పగల పనివాళ్లు ఈనాటికీ బీదరులో ఉన్నారు. ఇంత విద్య ఉన్న చేతికి అద్దం లోపల పేరు లేదు. అక్షరం తెలిసినవాని పని సంతకంతో మిగిలింది. అక్షరం చేతికందనివాని పని అనామకంగా మిగిలింది. తేడా నైపుణ్యంలో లేదు.

ఇక ఒక తేదీ గురించి చెప్పాలి. రెబెకాను మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరపు పర్యటనలో రోమ్ నుంచి సంపాదించాడని మ్యూజియం చెబుతుంది. మా సీమవాళ్లకు 1876 అంటే ఇంకొకటి గుర్తొస్తుంది. అది ధాత కరువు మొదలైన ఏడు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో వానలు పోయి, రెండేళ్లపాటు జనం వేలు, లక్షలుగా రాలిపోయారు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. కరువు పనుల్లో రాళ్లు కొట్టిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానితో చిల్లర అణాపైసలు చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు.

ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెడితే ఒక పద్యం దానంతటదే రాయబడుతుంది: అక్కడ పాలరాతి మేలిముసుగు, ఇక్కడ ఎముకల గూడు. సభలో చదివితే చప్పట్లు పడతాయి. నేను కూడా అటువంటిది రాయబోయి మానుకున్నాను. ఎందుకంటే ఆ పద్యం అబద్ధం చెబుతుంది. మా జిల్లాలు అప్పటికి నిజాం రాజ్యంలో లేవు. కడప, బళ్లారి సీమల్ని 1800లోనే నిజాం కంపెనీకి ధారాదత్తం చేశాడు. కర్నూలును 1839లో నవాబు నుంచి ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. మా కరువులో ధాన్యం ఎగుమతిని ఆపనివాళ్లు, కూలి తగ్గించినవాళ్లు మదరాసు, కలకత్తాలలో ఉన్న ఇంగ్లీషు అధికారులు. రెబెకా ఖరీదు మా శిస్తులోంచి పోలేదు. అయినా ఆ రెండు తేదీలకు సంబంధమే లేదని కూడా అనలేం. పండినా ఎండినా రైతు శిస్తు కట్టవలసిన వ్యవస్థ రెండు చోట్లా ఉంది. ఒక చోట అది పాలరాయి అయింది, ఇంకొక చోట అది లండనుకు పోయింది. విమర్శకుడు చెప్పవలసింది ఈ పోలిక. దానికి బదులు ఆవేశంతో లేని సంబంధాన్ని అంటగడితే, రేపు తేదీలు తెలిసిన చదువరి మన పేజీ మూసి, మనం చెప్పిన నిజాన్ని కూడా నమ్మడు. అభ్యుదయ విమర్శకు ఆవేశం ఎంత అవసరమో లెక్క సరిగా ఉండడం అంత అవసరం.

మరి మ్యూజియం ఎలా చూడాలి? మా పిల్లలతో రెండవసారి పోయినప్పుడు నేను పాటించిన పద్ధతి చెబుతాను. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించాను. అన్ని గదులూ తిరగాలనే ఆశ వదులుకోమని ముందే చెప్పాను. తలకు అయిదు వస్తువులు. ఒక్కొక్కదాని ముందు కనీసం పది నిమిషాలు. ముందు మాట్లాడకుండా చూడాలి. తరువాత మూడు ప్రశ్నలు: ఇది దేనితో, ఎలా తయారైంది? ఎవరి కోసం, ఎవరి ఖర్చుతో? ఎక్కడినుంచి ఇక్కడికి ఎలా వచ్చింది? జవాబు తెలియకపోతే తెలియదని రాయాలి. జనం పన్నెండు గంటలకు గడియారం దగ్గరికి పోయినప్పుడు మేము బిద్రీ దగ్గరికి పోయాం. ఆ పావుగంట మాకు చోటు దొరికింది. గడియారాన్ని ఒంటిగంటకు చూశాం. ఒకటే దెబ్బ, కాని ఆ ఒక్క దెబ్బకు గడ్డపాయన నడిచి వచ్చే తీరు అదే.

పుస్తకం చదవడానికీ ఇవే ప్రశ్నలని వేరే చెప్పనక్కరలేదు. మొదటి ప్రశ్న రూపానిది, రెండవది వస్తువుకూ వర్గానికీ సంబంధించినది, మూడవది చరిత్రది. మనం తరచుగా రెండవదానితో మొదలుపెట్టి అక్కడే ఆగుతున్నాం. పాలరాతి ముసుగును పది నిమిషాలు చూడలేనివాడు ఆ రాతి వెనుకనున్న శ్రమను కూడా చూడలేడు. రాతిని ఎంత పలుచగా తీస్తే ఆ ముసుగు అవుతుందో కంటికి ఆనినప్పుడే, చెక్కినవాని మణికట్టు మనసుకు వస్తుంది. రూపాన్ని శ్రద్ధగా చూడడం కళావాదుల సొత్తు కాదు. శ్రమను గౌరవించే పద్ధతుల్లో అది మొదటిది.

తిరిగి వచ్చినాక ఆ ప్రశ్నలు మా ఊళ్ల మీద వేసుకోమన్నాను. ఆళ్లగడ్డలో ఈనాటికీ శిల్పులు దేవతా విగ్రహాలు చెక్కుతున్నారు. ఆ విగ్రహాలు ఎన్నో ఊళ్లకు పోతున్నాయి. గుడికి పోయి చూడండి, పాలరాతి పలక మీద దాత పేరు, దాత తల్లిదండ్రుల పేర్లు, ప్రారంభించిన పెద్దమనిషి పేరు ఉంటాయి. చెక్కినవాని పేరు ఉన్న గుడిని మా పిల్లల్లో ఎవరూ చూపించలేకపోయారు. కృతిభర్తల మ్యూజియం హైదరాబాదులోనే కాదు, మన వీధి చివర కూడా ఉంది. ముద్దనూరు దగ్గర చింతకుంట గుండ్ల మీద చరిత్రకందని కాలంనాటి రంగుబొమ్మలున్నాయి. వాటికి కర్త పేరూ లేదు, భర్త పేరూ లేదు, టిక్కెట్టూ లేదు, గుంపూ లేదు.

చివరగా మన సాహిత్యంలోంచి ఒక ఉదాహరణ. కవయిత్రి మొల్లను లోకం కుమ్మరి మొల్ల అంటుంది. మా కడప జిల్లావాళ్లు ఆమెను గోపవరం ఆడబిడ్డగా చెప్పుకుంటారు. ఆమె రామాయణం నిలిచింది. ఆమె తండ్రి ఆతుకూరి కేసన పేరు కూడా మనకు తెలుసు. లోకం చెప్పుకునేట్టు ఆ ఇంట సారె తిరిగి ఉంటే, ఆ కుండల్లో ఏ ఒక్కటీ ఏ మ్యూజియంలోనూ కేసన పేరుతో లేదు. ఆయన పేరు మనకు దక్కింది కూతురు తన కావ్యంలో రాసుకున్నందువల్ల. తెలుగునాట ఆ కాలంలో మట్టి, లోహం, నూలు పట్టుకుని బతికినవాళ్లు ఎందరు! వాళ్లలో ఎందరి ఇళ్లలో కావ్యం రాసే బిడ్డ పుట్టింది?

రచయితకు ఇంతకన్నా స్పష్టమైన పని ఎవరు చెప్పగలరు? పేరు రాసి పెట్టడం మన చేతిలో పని. శ్రామికుడు అనే జాతివాచకంతో కథలు చాలా రాశాం. ఆ మాట అవసరమే, కాని మ్యూజియం చీటీ మీద లోహం పేరు రాసినట్లు ఆ మాట రాసి ఊరుకుంటే చాలదు. ఏ పని, ఏ పనిముట్టు, ఏ ఊరు, ఎవరి చెయ్యి అన్నది కథలోకి రావాలి. అది రావాలంటే రచయిత కొలిమి దగ్గర పది నిమిషాలైనా నిలబడాలి.

గడియారం ముందు ప్రశ్న అడిగిన పిల్లవాడు ఆ ఏడు తన నోటు పుస్తకంలో వ్యాసం రాశాడు. మ్యూజియం గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. తక్కిన రెండు పేజీల నిండా వాళ్ల నాయన చేసిన కొడవళ్లు, మడకకర్రులు, గొడ్డళ్లు, అవి ఏ ఊళ్లో ఎవరింట్లో ఉన్నాయో పట్టికగా రాశాడు. అక్షరదోషాలు చాలా ఉన్నాయి. వాటిని దిద్దాను గాని మార్కులు తగ్గించడానికి చెయ్యి రాలేదు.